ఊళ్ళో బెల్టు షాపు వేలం పాట: మానాల్సింది తాగేవాడా, అమ్మేవాళ్ళా?

కనిగిరి_కిరణ్
మా ఊళ్ళో మళ్ళీ బెల్టు షాపుకు పాట పెడుతున్నారు. తెలియని వాళ్ళ కోసం: టౌన్లో లైసెన్సున్న వైన్ షాపు నుంచి సీసాలు తెచ్చి, ఊళ్ళో కిరాణా కొట్లోనో ఇంట్లో ఫ్రిజ్‌లోనో పెట్టుకుని, క్వార్టర్ మీద ఇంత వేసి అమ్మేదే బెల్టు షాపు. లైసెన్సు ఉండదు, చట్టం ఒప్పుకోదు. అయినా మా పెద్దమనుషులు రచ్చబండ దగ్గర కూర్చుని, ఏడాది పాటు ఊళ్ళో అమ్ముకునే హక్కు ఒకడికే అని పాట పెడతారు. ఎక్కువ పాడినవాడిది షాపు. వచ్చిన డబ్బు గుడికి, తిరణాలకు.

ఈసారి పొదుపు సంఘం ఆడవాళ్ళు అడ్డం తిరిగారు. మా అమ్మ కూడా ఉంది వాళ్ళలో. పెద్దమనుషులు ఒకటే మాట. "షాపేం చేసింది? తాగేవాడికి నిగ్రహం ఉండాలి. ఇక్కడ మూస్తే పక్కూరికి పోయి తాగుతాడు." చదువుకున్న నా స్నేహితులు కూడా అదే అంటున్నారు. నాకు మింగుడు పడటం లేదు. గుడి ఖర్చు కోసం మనిషిని తాగించి, తర్వాత నిగ్రహం లేదని వాడినే తిట్టడం ఏం న్యాయం? 1992 సారా వ్యతిరేక ఉద్యమం దగ్గరగా చూసినవాళ్ళు ఉంటే చెప్పండి, అప్పుడు ఎట్లా చేశారు?

డల్లాస్_సూరి
గుడి కోసం పాట అన్నది తప్పే, దాన్ని ఎవరూ సమర్థించరు. కానీ మీ స్నేహితుల మాటలో నిజం ఉంది. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా దేశమంతా నిషేధం పెట్టారు. దాని కోసం రాజ్యాంగాన్నే సవరించారు, ఎత్తేయడానికి మళ్ళీ సవరించారు. మధ్యలో దొంగసారా ముఠాలు బలిశాయి. తాగాలనుకున్నవాడిని చట్టం ఆపలేదు. మనసు మారాలి, అది లోపలి నుంచి రావాలి.

ఉదయగిరి_రమ
కిరణ్, మాది కలిగిరికి దగ్గర పల్లె. దూబగుంట మా పక్కనే. అప్పట్లో నేను హైస్కూల్లో ఉన్నా, అమ్మావాళ్ళ వెంట తిరిగినదాన్ని. కాస్త పొడుగ్గానే రాస్తా.

ముందు సారా ఊళ్ళోకి ఎట్లా వచ్చేదో తెలియాలి. 1980లలో "వారుణి వాహిని" పేరుతో ప్రభుత్వమే ప్యాకెట్లలో పోసి ఊరూరికీ పంపింది. తాగడానికి మంచినీళ్ళు లేని ఊరికి కూడా సారా జీపు మాత్రం టైముకు వచ్చేది. కాంట్రాక్టరు మనిషి అరువు ఇచ్చేవాడు, కూలి చేతికి రాకముందే సగం అక్కడికి పోయేది. మగవాడి కూలి సారాకి, ఆడమనిషి కూలి సంసారానికి.

1991లో మా నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. రాత్రి బళ్ళు పెట్టారు. పగలంతా కలుపు తీసి వచ్చి, పొద్దుగూకాక పలకలు పట్టుకుని కూర్చునేవాళ్ళు ఆడవాళ్ళు. అక్షరాలు ఎంత వచ్చాయో గానీ, వాళ్ళంతా రోజూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం అదే మొదటిసారి. మాట మొదలైతే తిరిగి తిరిగి సారా దగ్గరికే వచ్చేది. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, మరికొందరు కలిసి ఊళ్ళోకి వచ్చే సారాను ఆపారు, కొట్టు మూయించారు. ఆ సంగతి వాచకంలో పాఠంగా అచ్చయింది. మిగతా ఊళ్ళ వాళ్ళు చదివి, "వాళ్ళు చెయ్యగా లేంది మనమెందుకు చెయ్యలేం" అని లేచారు.

1992లో జిల్లా సారా వేలం పాటలు వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. పాట జరిగే చోటికే ఆడవాళ్ళు పోయి అడ్డం నిలబడ్డారు. ఎక్కువమంది దళిత, బీసీ కూలి మనుషులు. పార్టీలు వచ్చి కలిసింది తర్వాత. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో సారా నిషేధం, అదే ఏడు అక్టోబరు 1న రాష్ట్రమంతా.

అందుకే చెప్తున్నా, మీ అమ్మావాళ్ళు పాటను అడ్డుకోవడం కొత్త సంగతేం కాదు. అప్పుడు పాట పెట్టింది సర్కారు, ఇప్పుడు పెట్టేది మీ ఊరి పెద్దలు.

కనిగిరి_కిరణ్
రమక్కా, ఇది ప్రింటు తీసి మా అమ్మకు వినిపిస్తా.

గోదారి_గట్టు
రమ గారు చెప్పిందంతా నిజమేనండి, ఆ ఆడవాళ్ళ ముందు ఎవరైనా తల వంచాల్సిందే. అయితే కథ అక్కడ ఆగలేదు కదా. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ గారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే నిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం. మాది కోనసీమ. మాకు యానాం పక్కనే, అది పుదుచ్చేరి కిందికి వస్తుంది, అక్కడ నిషేధం లేదు. శనివారం సాయంత్రం యానాం బస్సులో కాలు పెట్టడానికి చోటుండేది కాదండి. వెళ్ళేటప్పుడు అందరూ నిశ్శబ్దంగా కూర్చునేవారు, వచ్చేటప్పుడు అందరూ ఘంటసాలలే.

1997లో చంద్రబాబు గారి ప్రభుత్వం నిషేధం సడలించింది. సారా మీద నిషేధం అలాగే ఉంచి, మిగతా మద్యానికి తలుపులు తెరిచారు. రెండేళ్ళ పైచిలుకు మాత్రమే నిలిచింది. ఎందుకు నిలవలేదో మాట్లాడకుండా ఉద్యమం గొప్పది అనుకుంటే సరిపోదు.

కడపోడు
నిషేధం మనకు 1995లోనే కొత్తగా రాలేదు. 1937లో రాజాజీ మద్రాసు ప్రధానిగా (అప్పట్లో ముఖ్యమంత్రిని అట్లా పిలిచేవాళ్ళు) ఉన్నప్పుడు సేలం జిల్లాతో మొదలుపెట్టినాడు. మరుసటేడు మా కడపకు, చిత్తూరుకు వచ్చింది. తెలుగునాట ముందు ఎండిపోయింది మా సీమే!

ఇంకొకటి. 1954 నవంబరులో ప్రకాశం పంతులు ప్రభుత్వం కూలింది దేని మీద? నిషేధం మీదనే. రామమూర్తి కమిటీ ఎత్తేయమనింది, ప్రభుత్వం ఎత్తేయలేదు, అవిశ్వాసంలో ఒక్క ఓటుతో పడిపోయింది. ఆంధ్ర రాష్ట్రం మొదటి ప్రభుత్వం పడిందే మందు గొడవలో అంటే ఇది ఎంత లోతుగా పాతుకున్న సమస్యో చూడండి.

లెక్కల_మాస్టారు
గోదారి_గట్టు అడిగిన "ఎందుకు నిలవలేదు"కు నా జవాబు: ఖజానా.

ఉమ్మడి రాష్ట్రంలో 1970-71లో మద్యం మీద వచ్చే ఎక్సైజు ఆదాయం సుమారు 39 కోట్లు. 1991-92కి 812 కోట్లు. ఇరవై ఏళ్ళలో ప్రభుత్వం ఆ డబ్బు లేకుండా నడవలేని స్థితికి వచ్చింది. ఆ ఆదాయం పోయాక 1996లో రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది. నిషేధం కావాలని పోరాడిన ఆడమనిషే బియ్యం ధర రూపంలో దాని ఖర్చు కూడా మోయాల్సి వచ్చింది. మరుసటేడు సడలింపు.

రాజాజీ పేరు వచ్చింది కాబట్టి ఆయన చేసిన పని కూడా చెప్పుకోవాలి. పోయే ఆదాయానికి బదులుగా 1939లో అమ్మకపు పన్ను పెట్టారు. ఏ పని చేసినా ముందు లెక్క వేసుకున్న మనిషి. 1995లో ఆ లెక్క జరగలేదు.

ఇప్పటి సంగతి చూద్దాం. తెలంగాణలో 2023లో 2,620 షాపులకు లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు. ఒక్కో దరఖాస్తుకు తిరిగిరాని రుసుము 2 లక్షలు. అంటే ఒక్క సీసా అమ్మకముందే 2,600 కోట్ల పైన. ఆంధ్రలో 2024లో 3,396 షాపులకు దాదాపు 90 వేల దరఖాస్తులు, అక్కడా రుసుము 2 లక్షలే. కిరణ్ వాళ్ళ పెద్దమనుషులు గుడి కోసం చేసే పనే రాష్ట్రాలు పథకాల కోసం చేస్తున్నాయి. ఇది ఏ ఒక్క పార్టీ పాపమూ కాదు, అందరి చేతులూ ఇందులో ఉన్నాయి.

డల్లాస్_సూరి
@లెక్కల_మాస్టారు దరఖాస్తు లెక్క చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. అయినా నా ప్రశ్న నాదే. ఖజానా సంగతి పక్కన పెడితే, నిషేధం ఉన్నచోట మాత్రం ఏం జరిగింది? బీహార్‌లో 2016 నుంచి నిషేధం. 2022 డిసెంబరులో సారణ్ జిల్లాలో కల్తీ సారాకు పదుల సంఖ్యలో చచ్చిపోయారు. పేదవాళ్ళే జైళ్ళకు వెళ్ళారు.

గుంటూరు_శీను
ఈ చర్చలో తాగినవాడు ఎవరూ రాయలేదు. నేను తాగేవాణ్ణి. ఒక రోజు రెండు రోజులు కాదు, పెళ్ళికి ముందు నుంచి పిల్లలు కాలేజీకి వచ్చేదాకా. ఇప్పుడు లేదు.

నిగ్రహం గురించి నాకు తెలిసింది చెప్తా. నేను ఏటా అయ్యప్ప మాల వేసేవాణ్ణి. మండలం రోజులు, అంటే 41 రోజులు, చుక్క ముట్టేవాణ్ణి కాదు. తెల్లారుజామున చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం, నేల మీద పడక. నాకు నిగ్రహం లేదని ఎవడైనా అనగలడా? శబరిమల నుంచి వచ్చి మాల తీసిన రాత్రే మళ్ళీ షాపు దగ్గర ఉండేవాణ్ణి. నేనే కాదు, నాతో మాల వేసినవాళ్ళలో సగం మంది.

ఏళ్ళ తరబడి దీని గురించి ఆలోచించా. మాలలో ఉన్నప్పుడు ఊరంతా నన్ను స్వామీ అని పిలిచేది. తాగుదాం రమ్మని ఎవడూ పిలవడు, పోసినా నలుగురూ ఊరుకోరు. రోజూ సాయంత్రం భజన ఉంటుంది, అంటే తాగే టైములో చేసే పని ఒకటి ఉంటుంది, పక్కన మనుషులు ఉంటారు. మాల తీసేయగానే ఇవన్నీ ఒకేసారి పోతాయి. నిగ్రహం నాదే, కానీ దాన్ని నిలబెట్టింది చుట్టూ ఉన్న జనం. సూరి గారు లోపలి నుంచి రావాలి అన్నారు. వస్తుందండీ. వచ్చాక నిలవడానికి బయట ఒక ఆసరా కావాలి. ఇంటి నుంచి బస్టాండుకు పోయే దారిలో బెల్టు షాపులే ఉంటే ఆసరా ఎక్కడ?

నేను మానింది ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుల వల్ల. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడుగా నిలబడి మొదలుపెట్టారు. మన దగ్గర తెలుగులో కూడా మీటింగులు జరుగుతాయి, రుసుము లేదు, పేరు చెప్పక్కర్లేదు. ఈ ఒక్క రోజు తాగను అనుకుంటాం, అంతే. నాకు అది మాల తీయని మండలం.

ఉదయగిరి_రమ
శీను గారూ, మీరు రాసింది మా అమ్మావాళ్ళు చేసిన పనికి అర్థం చెప్పినట్టుంది. ఉద్యమం రోజుల్లో మా ఊళ్ళో చాలామంది మగవాళ్ళు మానేశారు. వాళ్ళంతా ఒక్కసారిగా మారిపోలేదు. ఊళ్ళో సారా దొరకలేదు, అరువు లేదు, తాగొస్తే ఇంట్లో వంట లేదు, వీధిలో పదిమంది ఆడవాళ్ళు నిలబడి అడిగేవాళ్ళు.

నర్సు_విజయ
ఇక్కడ నాకొక అభ్యంతరం ఉంది రమ గారూ. ఉద్యమంలో తాగినవాళ్ళకు గుండు కొట్టించడం, గాడిదెక్కించి ఊరేగించడం కూడా కొన్నిచోట్ల జరిగింది. దాన్ని వీరగాథలా చెప్పుకుంటారు. నేను ప్రభుత్వాసుపత్రిలో డీ-అడిక్షన్ వార్డులో చేశాను. పరువు పోయినవాడు మానడు, దాచుకుని తాగుతాడు. కొందరు ప్రాణాలు తీసుకుంటారు. తాగుడు ఒక దశ దాటాక జబ్బు. జబ్బు మనిషిని ఊరేగించకూడదు.

ఉదయగిరి_రమ
విజయ గారూ, కొన్నిచోట్ల జరిగింది, కాదనను. కానీ ఆ మాట అనేటప్పుడు ఆ ఇళ్ళల్లో దెబ్బలు తిన్నది ఎవరో కూడా చూడాలి. రోజూ ఒళ్ళు పచ్చడయ్యే మనిషి చీపురు తిప్పిందంటే తప్పు పట్టడం నా వల్ల కాదు. వాళ్ళకు పోలీసు లేడు, పంచాయతీ లేదు, వాళ్ళిద్దరూ కాంట్రాక్టరు వైపే. చాలామటుకు వాళ్ళ కోపం జీపు మీద, కొట్టు మీద, కాంట్రాక్టరు మీదే తిరిగింది. మొగుడి మీద కాదు.

నర్సు_విజయ
జీపు ఆపిన ఆడవాళ్ళకు నా నమస్కారం. గుండు విషయంలో మాత్రం నా మాట మార్చుకోను. కిరణ్ వాళ్ళ ఊళ్ళో ఇప్పుడు ఎవరైనా అట్లా చేద్దామంటే ఒప్పుకోవద్దనే చెప్తున్నా.

ఓరుగల్లు_రాజన్న
మీరంతా ఆంధ్ర సారా ముచ్చట చెప్తున్నరు, మా దిక్కు సంగతి వేరే ఉంటది. మాది గౌండ్ల ఇల్లు. మా తాత మోకు ముత్తాదు కట్టుకొని తాడెక్కినోడు, మా నాయిన ఎక్కినోడు. పొద్దుగాల దించిన తాటికల్లు, ఈతకల్లు మాకు పండుగలకు, పెట్టుబోతలకు, దేవర్లకు అన్నిటికీ కావాలె. దాన్నీ క్వార్టర్ సీసానూ ఒక్క గాటన కట్టేస్తే నేను ఒప్పుకోను. నిషేధం అన్నప్పుడల్లా ముందు దెబ్బ పడేది చెట్టెక్కేటోని మీదనే. కంపెనీ మీద పడది.

అట్లని అంతా మంచిగుందని అంటలేను. చెట్లు తక్కువైనయ్, తాగేటోళ్ళు ఎక్కువైనరు. ఆ నడుమ తేడా పూడ్చనీకి కల్లుల క్లోరల్ హైడ్రేటు, అల్ప్రాజోలం కలుపుతున్నరు. అది కల్లు కాదు, మందుగోళీల నీళ్ళు. అది బందయిన రోజు తాగేటోళ్ళు పిచ్చి లేసినట్టు చేస్తరు. మా కులపోళ్ళే దీని మీద ముందు లేవాలె అని నేను సంఘం మీటింగుల మొత్తుకుంట.

గోదారి_గట్టు
రాజన్న గారు చెప్పింది బావుందండి. మా వైపు కూడా కల్లుగీత మీద బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. మితం అనేది కల్లు విషయంలో ఉండేది, చెట్టు ఇచ్చినంతే ఉంటుంది కాబట్టి. ఫ్యాక్టరీకి ఆ హద్దు లేదు.

లెక్కల_మాస్టారు
జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21: తెలంగాణలో 15 ఏళ్ళు దాటిన మగవాళ్ళలో మద్యం తాగేవాళ్ళు 43 శాతం. దేశంలో దానికంటే పైన ఉన్నది అరుణాచల్, 53 శాతం. రాజన్న గారి కల్లు సంస్కృతి ఇందులో కొంత ఉంటుంది, కానీ వీధి వీధికీ బెల్టు షాపు ఉండటం కూడా కారణం కాదంటే నేను నమ్మను.

ఏజెన్సీ_టీచర్
మాది అల్లూరి జిల్లా. ఎవరూ ఎత్తని విషయం ఒకటి. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాల్లో, అంటే గిరిజన ఏజెన్సీలో, మద్యం నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు ఇవ్వాలి. మా దగ్గర కొన్ని ఊళ్ళ వాళ్ళు ఇంటి అవసరానికి జీలుగు కల్లు ఉంచుకుని, బయటి సీసా రాకుండా కట్టుబాటు పెట్టుకున్నారు. రాష్ట్రమంతా ఒకే తాళం వేయడం కన్నా ఊరి చేతికి తాళంచెవి ఇవ్వడం మేలని నా అనుభవం.

డల్లాస్_సూరి
ఇది నాకు నచ్చింది. నేను ఉండే టెక్సస్‌లో ఇప్పటికీ ఇదే పద్ధతి. మద్యం అమ్మాలా వద్దా అని కౌంటీ, టౌను ఓటేసి తేల్చుకుంటాయి. ఇప్పటికీ కొన్ని కౌంటీల్లో అమ్మకమే లేదు. దేశమంతటి నిషేధం కూలిపోయింది గానీ, ఊరివాళ్ళు తమంతట తాము పెట్టుకున్నది కొన్నిచోట్ల నిలిచింది. శీను గారు చెప్పిన ఆసరా అంటే ఇదేనేమో.

కడపోడు
సరే గానీ కిరణ్ వాళ్ళది ఏజెన్సీ కాదే. ఏం చేయాలో చెప్పండి వానికి. చరిత్ర చాలా అయింది.

పాత_కార్యకర్త
నేను చెప్తా. అక్షరాస్యతలో వాలంటీరుగా చేసినవాణ్ణి, తర్వాత పొదుపు సంఘాల్లో పనిచేశా.

బెల్టు షాపుకు లైసెన్సు లేదు కాబట్టి నిషేధం పెట్టమని ఎవర్నీ అడగాల్సిన పని లేదు. ఉన్న చట్టం అమలు చేయమంటే చాలు. గ్రామసభలో తీర్మానం రాయించండి, ఆడవాళ్ళు ఎక్కువమంది సంతకాలు, వేలిముద్రలు పెట్టాలి. నకలు ఎక్సైజు స్టేషనుకు, తహసీల్దారుకు, కలెక్టరేట్లో సోమవారం గ్రీవెన్సుకు. ఇచ్చిన ప్రతిచోటా రసీదు తీసుకోండి. పాట పెట్టే రోజు తెలిస్తే తేదీ, చోటు రాసి ముందే ఇవ్వండి. చట్టం ఒప్పుకోని అమ్మకానికి పాట పెట్టామని కాగితం మీద కనబడటం ఏ పెద్దమనిషికీ ఇష్టం ఉండదు.

రెండోది, ఇదే ముఖ్యం. గుడి ఖర్చుకు వేరే దారి చూపించండి. లేకపోతే లెక్కల మాస్టారు చెప్పిన 1997 కథ మీ ఊళ్ళోనే జరుగుతుంది. నెల్లూరులో సారా పోయాక ఆడవాళ్ళు ఊరికే కూర్చోలేదు. సారాకు పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి పక్కన పెట్టారు, అదే పొదుపు లక్ష్మి అయింది. మీ సంఘం వాళ్ళు తిరణాలకు ఇంటికింత అని ముందే పోగు చేసి పెద్దల ముందు పెడితే, వాళ్ళ దగ్గర ఇంకో సాకు ఉండదు.

మూడోది, కమిటీ ఆగకూడదు. 1995లో చట్టం వచ్చిందని మేం ఇళ్ళకు పోయాం, కాపలా పోలీసుకు వదిలేశాం. గోదారి_గట్టు ప్రశ్నకు ఖజానా ఒక జవాబైతే ఇది రెండోది. ఆడవాళ్ళు వీధిలో ఉన్నంతకాలం సారా రాలేదు. వాళ్ళు ఇళ్ళకు పోయాక బెల్టు షాపు వచ్చింది.

కనిగిరి_కిరణ్
తిరణాల డబ్బు సంగతి మాకు తట్టనే లేదు. రాత్రి అమ్మతో మాట్లాడా, సంఘంలో పెడతానంది. ఇంటికి నూరు రూపాయలంటే ఎవరికీ భారం కాదంట. పాట వచ్చే ఆదివారం. కాగితాలు శుక్రవారం లోపల ఇచ్చేస్తాం.

గుంటూరు_శీను
కిరణ్, షాపు మూతపడితే ఆ వారంలో మీ ఊళ్ళో కొందరి ఒంట్లో బాగుండదు. సాయంత్రం పూట వాళ్ళను ఒంటరిగా వదలొద్దు. వాలీబాల్, భజన, చర్చి ప్రార్థన, ఏది కుదిరితే అది పెట్టండి. అవసరమైతే నేనే వస్తా.

తెనాలి_లక్ష్మి
నేను కొత్తగా చేరాను, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇదంతా మా నాన్నగారికి చదివి వినిపించాను. రేపటి నుంచే పూర్తిగా మానేస్తానంటున్నారు. పొద్దున లేవగానే తాగే మనిషి, ఎన్నో ఏళ్ళుగా. పట్టుదల ఉన్నవాళ్ళు ఇలా ఒక్కసారిగా మానొచ్చా?

నర్సు_విజయ
లక్ష్మి గారూ, ఆయన అనుకున్నది చాలా మంచి మాట. కానీ ఇంట్లో, ఒక్కసారిగా, వద్దు. పొద్దున్నే తాగకపోతే చేతులు వణికే మనిషి టక్కున ఆపేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, లేనివి కనబడటం, మతి తప్పి మాట్లాడటం జరగొచ్చు. దాన్ని జనం గాలి సోకింది అనుకుని భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోతారు, ప్రాణం మీదికి వస్తుంది. రేపు ఆపకుండా, రేపే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంటుంది. వాళ్ళు మందులిచ్చి, బి1 విటమిన్ ఇచ్చి మానిపిస్తారు. అవసరమైతే కొన్నాళ్ళు వార్డులో ఉంచుకుంటారు. ఎవరికీ చెప్పకుండా అన్నంలో, మజ్జిగలో కలిపే మందులు అమ్ముతారు, అవి అసలు వాడొద్దు. ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే 14446కు ఫోన్ చేయండి, కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైను, డబ్బులు పడవు. వెళ్ళేటప్పుడు రోజుకు ఎంత తాగుతారు, చివరిసారి ఎప్పుడు తాగారు, ఇంతకుముందు ఫిట్స్ వచ్చాయా, ఇవి ఒక కాగితం మీద రాసుకెళ్ళండి. ఆయన పక్కన మీరు ఉండండి.

తెనాలి_లక్ష్మి
రేపు పొద్దున్నే వెళ్తున్నాం. శీను గారూ, మీరు చెప్పిన తెలుగు మీటింగు మా దగ్గర ఎక్కడ జరుగుతుందో కాస్త చెప్తారా? నాన్నగారే అడగమన్నారు.

గుంటూరు_శీను
మెసేజ్ పెట్టానమ్మా. డాక్టరు సరే అన్నాక ఫోన్ చేయమను, మొదటి మీటింగుకు నేనే వచ్చి తీసుకెళ్తా.